ఆళ్లగడ్డ సాయంత్రం పాలు

పాపను నిద్రపుచ్చి, తలుపు దగ్గరగా వేసి, వంటగది గట్టు పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు కుదరదు. పగలు ఆఫీసు లెక్కలు చూస్తాను, లెక్కలు లేనప్పుడు పాపను చూస్తాను. రెండింటినీ ఒకే కంటితో చూస్తానని మా ఆయన అంటాడు. పోలీసు కంటితో అని ఆయన ఉద్దేశం.

నాది నంద్యాలలో ఒక పాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. చుట్టుపక్కల ఊళ్లలో సెంటర్లు ఉంటాయి. రైతులు రెండు పూటలా వచ్చి అక్కడ పాలు పోస్తారు. అవి ట్యాంకర్లలో నంద్యాల ప్లాంటుకు వస్తాయి. సెంటర్లో పోసిన పాలెన్ని, ప్లాంటులో దిగిన పాలెన్ని, వాటి ఫ్యాట్ ఎంత అన్నది బొమ్మలుగా గీసి మేనేజరు ముందు పెట్టడం నా పని. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. పాపకు ఏడాది నిండాక మళ్లీ ఏదో ఒకటి చేయాలనిపించి చేరాను.

చేరిన నెలకే ఒకరోజు మేనేజరు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. స్క్రీన్ మీద ఆళ్లగడ్డ సెంటర్ బొమ్మ ఉంది. పోసిన పాలకంటే దిగిన పాలు తక్కువైన రోజున ఎర్ర గీత పడుతుంది. ఆ నెలంతా గీతలే.

"చూసినావామ్మా? మిరప్పండ్లు ఆరబోసినట్ల ఉండాది" అన్నాడాయన. "రెండు నెల్లనుంచీ ఇదే కత. ఆయమ్మను తీసేస్తాం. వచ్చే శుక్రవారం మీటింగులో తేల్చేద్దాం. అంతదాకా ఆయమ్మ చెవిన బడనీయొద్దు. తెలిస్తే సర్దుకుంటాది."

ఆయమ్మ అంటే ఆళ్లగడ్డ సెంటర్ నడిపే అక్క. నేను ఆమెను చూడలేదు, ఫోన్లో మాట్లాడాను అంతే. భర్త లేడు, కొడుకు కర్నూలులో చదువుతున్నాడు, ఇంటికి ఆ సెంటరే ఆధారం. ఇవన్నీ ఆమె చెప్పినవి కావు. ఆఫీసులో ఒకరి గురించి చెడ్డమాట మొదలైతే వెనకే వాళ్ల కుటుంబ చరిత్ర కూడా వస్తుంది, అలా తెలిశాయి.

ఆమె తీస్తోందనే నేనూ అనుకున్నాను. రోజూ ఒక క్యానో, అరక్యానో. హోటళ్ల వాళ్లు చల్లని పాలు తెల్లారకముందే కొంటారని విన్నాను. ఫోన్లో ఆమె గొంతు మరీ ధైర్యంగా ఉండేది. ధైర్యంగా మాట్లాడేవాళ్ల మీద నాకు మొదట్నుంచీ నమ్మకం తక్కువ. నసిగేవాళ్ల మీద ఇంకా తక్కువ, అది వేరే సంగతి.

కానీ ఒకటి కుదరలేదు. నేను నెలవారీ మొత్తం బొమ్మ కూడా గీస్తాను. అందులో ఆళ్లగడ్డ పోసిన పాలూ దిగిన పాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. రెండు బొమ్మలూ ఒకే షీటు నుంచి వస్తాయి. రోజూ పాలు పోతుంటే నెలాఖరుకు మొత్తం ఎలా సరిపోతుంది?

మేనేజరును అడిగితే ఆయన నవ్వాడు. "ఒకరోజు తీస్తాది, ఇంకోరోజు నీళ్లు కలిపి సరిజేస్తాది. నీకింకా ఈ ఫీల్డు కొత్తమ్మా."

అది నమ్మదగ్గట్టే ఉంది. కానీ మధ్యాహ్నం పక్క టేబులు అన్న టీ గ్లాసు పట్టుకుని వచ్చి, మేనేజరు బావమరిదికి ఆళ్లగడ్డలో సొంత షెడ్డుందని, చాన్నాళ్లుగా సెంటర్ కోసం చూస్తున్నాడని చెవిలో వేసి పోయాడు. దాంతో మేనేజరు మీద కూడా అనుమానం మొదలైంది. ఈ అన్న నాకెందుకు చెప్పినట్టు అని ఆయన మీద కూడా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నేను నమ్మే మనిషి ఆఫీసులో ఒక్కరూ మిగల్లేదు.

ఇంట్లో కూడా అంతే. పాప ఎంత తాగిందని అత్తనడిగితే గ్లాసుడన్నది, మా ఆయనను అడిగితే అరగ్లాసన్నాడు, పక్కింటామెను అడిగితే పాప చేతిలో బిస్కెట్ చూశానంది.

"నీ కూతురికి నేనేమన్నా విసం పెడతాండానా?" అని అత్త చీపురు పక్కన పడేసింది. "పొద్దన్నుంచి నాలుగుసార్లు ఫోను. ఏం తిన్యాది, ఎంత తిన్యాది. కొలిసేదానికి గ్లాసు మీద గీతలు గీసి పో."

నిజానికి గీద్దామనే అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు.

మా అమ్మ తరఫు అవ్వ ఆళ్లగడ్డలో ఉంటుంది. మోకాలి నొప్పితో లేవడం లేదని కబురొచ్చింది. ఆదివారం పాపనెత్తుకుని బస్సెక్కాను. అవ్వను చూడటానికే వెళ్లాను. అయితే సెంటర్ కూడా ఒకసారి చూడాలన్న ఆలోచన, శిరివెళ్ల దాటాక పాప వాంతి చేసుకుని నా ఒళ్లంతా తడిసినప్పుడు కూడా, నన్ను వదల్లేదు.

అవ్వకు నూనె రాసి, అన్నం తిని, పొద్దు వాలుతుంటే సెంటర్‌కు నడిచాను. రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల వెనక సందులో ఉంది. ఆదివారమని శిల్పులు లేరు, చెక్కీ చెక్కని దేవుళ్లు సిమెంటు సంచుల మీద వెల్లకిలా పడి ఉన్నారు. సెంటర్ లోపల బేతంచెర్ల బండలు నీళ్లు కొట్టి కడిగి ఉన్నాయి. పాలు పోసేవాళ్లు వరసలో ఉన్నారు. గోడకు చర్చి క్యాలెండరు, దాని కింద కూలర్. అక్క తెల్ల చీరలో ఉంది, ఉదయం ఆరాధనకు కట్టుకున్నదే అయి ఉంటుంది, కొంగు నడుముకు బిగించింది.

నేనెవరో చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. "ఫోన్లో సన్నగా మాట్లాడేది నువ్వేనా? నేను ఇంకా చిన్నపిల్లనుకుంటి. బిడ్డతల్లివి." పాపను నా చేతిలోంచి తీసుకుని ఒక చేత్తో ఎత్తుకుంది, ఇంకో చేత్తో పాలు కొలుస్తూనే ఉంది. "ఓ అన్నా, క్యాను వంచు బాగా. అడుగున దాసిపెట్టుకోని పోతావా ఇంటికి?"

"నీకు దాసిపెట్టినా తీసుకోవు గదక్కా" అన్నాడు పాలు పోసే ఆయన.

"నాకొద్దులే. నీ పాలు తాగితే నీ మాదిరి అయితా."

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కూలర్ పక్కన ఇంకేమైనా క్యాన్లు విడిగా పెట్టారేమో చూశాను. పెరటి తలుపుకు తాళం ఉందా అని చూశాను. ఆమె పాపకు పాలు కాచి చల్లార్చి గ్లాసులో ఇస్తే, తాగించబోయే ముందు చెయ్యి దానంతటదే గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చింది.

"వాసన జూస్తాండావా? చూడు. నేనైనా చూస్తా" అంది ఆమె, కోపం లేకుండా. పాప గ్లాసు ఖాళీ చేసింది. అత్త చెప్పిన గ్లాసుడు నిజమే కావచ్చని మొదటిసారి అనిపించింది.

పోసేవాళ్లు వెళ్లిపోయాక ఆమె ఫోను తీసి ఆ పూట పాలు ఎక్కించడం మొదలుపెట్టింది. కంపెనీ యాప్ అది. తేదీ దానంతటదే వస్తుంది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. ఆమె వేలు ఆ తేదీ మీద ఆగింది, దాన్ని నొక్కింది, మరుసటి రోజుకు మార్చింది.

ఇంత తేలిగ్గా, నా కళ్లముందే. నెల మొత్తంలో మాత్రం సరిపోవడమెలాగో ఇప్పుడు అర్థమైందనుకున్నాను.

"ఏందక్కా, రేపటి తేదీ ఏస్తాండావ్?"

"రేపు పోయే పాలకు రేపటిది గాక ఈ పొద్దుది ఏస్తారా?" అంది ఆమె తల ఎత్తకుండానే. "ముందు సాయంత్రం బండి వస్తాండె. యా రోజు పాలు ఆ రోజే పోతాండె. ఇప్పుడు మా ఊరికి ట్యాంకర్ ఒకటే, తెల్లారి వస్తాది. ఈ పాలు రాత్రంతా ఈడ పండుకోని రేపు పొద్దున పాలతో గలిసి పోతాయి. ఆడ మీరు రేపు గదా దించుకునేది. అందుకే రేపటివి."

"ఎవురు చెప్పినారు ఇట్ల ఎయ్యమని?"

"ఎవురు చెప్పల్ల? నాకు తెలీదా?"

ఎవరికైనా చెప్పావా అని అడగబోయి ఆగాను. చెప్పి ఉండదు. ఆమె లెక్కలో అది చెప్పేంత విషయం కాదు. సాయంత్రం పాలంటే రేపటి పాలు, అంతే. బస్టాండు దాకా పాపను ఎత్తుకుని వచ్చి ఎక్కించింది. బస్సులో నేను ఆమె మాటను తిప్పి తిప్పి చూశాను. నిజమైతే ఎర్ర గీతలే రాకూడదు. ఆమె వేసిన తేదీ, ప్లాంటులో దిగిన తేదీ ఒకటే అవుతుంది కాబట్టి. కానీ గీతలు ఉన్నాయి. అంటే ఆమె చెప్పినదాంట్లో ఎక్కడో అబద్ధముంది. లేకపోతే నా దగ్గర ఉంది.

సోమవారం ఆఫీసుకు పోగానే ఆ బొమ్మలు గీసే పని మొత్తాన్ని కంప్యూటర్లో తెరిచాను. కోడ్ రాసే పని కాదు అది. స్క్రీన్ మీద ఖాళీ జాగాలో చిన్న చిన్న పెట్టెలు పెట్టి గీతలతో కలుపుతాం. మొదటి పెట్టె షీటును తెస్తుంది, తర్వాతిది అక్కర్లేనివి వడపోస్తుంది, ఇంకోటి రెండు షీట్లను కలుపుతుంది, చివరిది బొమ్మ గీస్తుంది. ఎడమనుంచి కుడికి కాలవలా పారుతుంది.

నాకంటే ముందు ఇక్కడ పనిచేసినతను హైదరాబాదు వెళ్లిపోయాడు. అతను వదిలిపోయిందే ఇప్పటికీ నడుస్తోంది. మేనేజరు కొత్త రిపోర్టు అడిగినప్పుడల్లా అతను మొదటి పెట్టెతో సహా వరస మొత్తాన్ని కాపీ చేసి కింద అతికించి, అక్కడ మార్పులు చేసుకున్నాడు. అలా ఒకే షీటును తెచ్చే పెట్టెలు నాలుగు తయారయ్యాయి, నాలుగు వరసలు. రోజువారీది, నెలవారీది, ఫ్యాట్‌ది, రైతులవారీది. మా ఆఫీసులో ఒక మాట ఉంది, నడిచేదాన్ని ముట్టుకోవద్దని. నాకు మొదటిరోజే చెప్పారు. నేనూ ముట్టుకోలేదు. ఒకే షీటు కాబట్టి నాలుగూ ఒకటే చెబుతాయనుకున్నాను.

ఆ రోజు ఒక్కో వరసలో ఒక్కో పెట్టె తెరిచి చూశాను. పైన ఉన్న రోజువారీ వరసలో, వడపోతకూ కలుపుడుకూ మధ్య, పేరు కూడా పెట్టని ఒక పెట్టె ఉంది. మిగతా మూడు వరసల్లో లేదు. తెరిస్తే ఒకే ఒక్క నియమం కనిపించింది. సెంటర్ ఆళ్లగడ్డ అయితే, పూట సాయంత్రమైతే, తేదీని మర్నాటికి జరుపు.

సాయంత్రం బండి ఆగిపోయినప్పుడు అతనికి ఇక్కడ కూర్చుని తెలిసింది, ఆళ్లగడ్డ సాయంత్రం పాలు మర్నాడు దిగుతాయని. సరిచేశాడు, ఎవరికీ చెప్పలేదు. అక్కకు అక్కడ నిలబడి అదే తెలిసింది. సరిచేసింది, ఎవరికీ చెప్పలేదు. ఒక తప్పును ఇద్దరూ దిద్దారు కాబట్టి సాయంత్రం పాలు రెండు రోజుల తర్వాతి తేదీకి పోయాయి. ప్లాంటులో నిన్నటి సాయంత్రం పాలు దిగుతుంటే మా బొమ్మ వాటిని మొన్నటి సాయంత్రం పాలతో పోలుస్తోంది. మొన్నటివి ఎక్కువై నిన్నటివి తక్కువైతే చాలు, గీత పడుతుంది. పెళ్లో, పండగో ఉండి జనం పాలు ఇంట్లో ఉంచుకున్నప్పుడల్లా అక్క దొంగ అవుతోంది. తిరగబడి ఎక్కువొచ్చిన రోజులు కూడా అన్నే ఉంటాయి, కానీ ఎక్కువైన రోజుకు మా బొమ్మలో రంగు లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి పెట్టలేదు.

ఆ పెట్టెను తీసేస్తే ఐపోయేది. కానీ రేపు ఇంకెవరో ఇంకో వరసలో ఇంకోటి దూరుస్తారు. అందుకని మొత్తం పని ఇంకో పేరుతో దాచి, కాపీలో నాలుగు మొదటి పెట్టెల్లో మూడు తీసేశాను. మిగిలినదానికి "సెంటర్ల పాలు" అని పేరు పెట్టి, పక్కనే ఒక చీటీ పెట్టె అతికించాను. ఆళ్లగడ్డ సాయంత్రం పాలకు సెంటర్లోనే మర్నాటి తేదీ వేస్తారు, ఇక్కడ మార్చకండి అని. అందరికీ కావలసిన వడపోత ఆ ఒక్కదాని తర్వాతే పెట్టి, అక్కడినుంచి నాలుగు గీతలు లాగాను. ఏ మార్పు వచ్చినా ఇకమీదట ఒక్కచోటే చేయాలి, నాలుగు రిపోర్టులకూ ఒకేసారి పారాలి. నడిపి చూస్తే ఆళ్లగడ్డ బొమ్మలో ఎర్ర గీతలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప.

సంతోషపడాల్సింది పోయి భయం పట్టుకుంది. ఆమె మంచిదని తేలాలని నాకు కోరిక పుట్టిందేమో, పాపను ఎత్తుకున్నందుకు, ఆ కోరికకు తగ్గట్టు గీతలు లాగానేమో అని. అందుకే మళ్లీ మొదటినుంచి అన్ని సెంటర్లకూ సరిచూశాను. నూనెపల్లె మారలేదు, శిరివెళ్ల మారలేదు. ఆళ్లగడ్డ ఒక్కటే మారింది. అది ఇంకా అనుమానంగా కనిపిస్తుందని అప్పుడే అనుకున్నాను.

అలాగే అయింది. మేనేజరు స్క్రీన్ ముందుకు వంగి చూశాడు.

"ఎర్రవి యాడబోయినాయమ్మా?"

చెప్పాను. ఆయన వింటున్నట్టు లేడు. పక్క టేబులు అన్న కుర్చీ ఇటు తిప్పి, "ఆదివారం ఆళ్లగడ్డకు పోయొచ్చినావంట గదా. నెయ్యి బాగుండాదా?" అన్నాడు.

"మా అవ్వను చూసేదానికి పోయినానన్నా."

"అవ్వ బాగుండాదిలే. నెయ్యి సంగతి చెప్పు."

ఆయన తమాషాకే అన్నాడేమో. మేనేజరు ముఖంలో మాత్రం తమాషా లేదు. ఆళ్లగడ్డ అక్క కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చున్నానని అర్థమైంది. దాచి ఉంచిన పాత పనిని తెరిచి, ఎక్కువ వచ్చిన రోజులకు పచ్చ రంగు వేసి చూపించాను. ఎర్రవెన్నో పచ్చవి దాదాపు అన్ని.

"అదే గదా నేన్జెప్పేది. ఒకరోజు తీసి, ఒకరోజు నీళ్లు."

"నీళ్లు కలిపితే ఫ్యాట్ పడిపోవాల గదా సార్." పచ్చ రోజులను తీసుకుని ఫ్యాట్ బొమ్మ మీద పెట్టాను. ప్లాంటులో ట్యాంకర్ నుంచి తీసి చూసిన ఫ్యాట్ అది, సెంటర్ చేతిలో ఉండదు. ఆ రోజుల్లో పడలేదు. మిగతా రోజుల మాదిరే ఉంది. "నీళ్లు కలిపి ఫ్యాట్ కూడా కలుపుతాదా సార్?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏదో ఒక తేదీ చెప్పి, ఆ రోజుది నన్ను చేత్తో కూడి చూపించమన్నాడు. చూపించాను. ఇంకో తేదీ అడిగాడు. అదీ సరిపోయింది. మూడోదానికి ఆయనే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాడు. బావమరిది సంగతి నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆయన ముఖంలో నిరాశ వెతికాను కానీ, బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయిన మనిషి ముఖంలా ఉందంతే.

"సరే" అన్నాడు చివరికి. "ఈ ఒక్క ఎర్రది ఏంది మరి?"

"తెలీదు సార్."

"ఆయమ్మను కనుక్కో. దానికి జవాబు తే. మీటింగులో ఎత్తనులే, ఉండనీ ఆడ్నే."

వరండాలోకి వచ్చి ఫోను చేశాను. ఆ తేదీ చెప్పి, పాలు తక్కువ దిగాయక్కా అన్నాను.

"ఆ పొద్దు క్యాను బోర్లపడింది. ట్యాంకర్‌కు పైపు తగిలిచ్చేటప్పుడు డ్రైవరు కాలు తగిలి. బండలమీదంతా పాలే. వీధిలో కుక్కలు తాగలేక పండుకున్యాయి. డ్రైవరునడుగు."

డ్రైవర్ను తర్వాత అడిగాను. "ఏమో మేడమ్, ఎన్నో దినాలాయె" అన్నాడు, వేరేవైపు చూస్తూ. ఆయన కాలు తగిలితే ఆయన ఇంకేమంటాడు? తగలకపోయినా అదే అంటాడు.

అదే ఫోన్లో అక్క అడిగింది. "ఇన్ని దినాల తర్వాత ఆ ఒక్క రోజు సంగతి ఎందుకడుగుతాండావ్ మ్మా?"

అక్క చెవిన పడనీయొద్దని మేనేజరు అన్నాడు. కానీ ఇప్పుడు దాచడానికి ఏముందనిపించింది. ఎర్ర గీతలు, రెండుసార్లు జరిగిన తేదీ, నాలుగు పెట్టెలు, అన్నీ చెప్పాను. ఇప్పుడన్నీ పోయాయని, సెంటర్ ఆమెదేనని చెప్పాను. ఆమెకు ఉపశమనంగా ఉంటుందనుకున్నాను.

అటువైపు కూలర్ మోత వినిపిస్తోంది.

"రెండు నెల్లనుంచీ నన్ను దొంగ అనుకుంటాండారా మీరు?"

"బొమ్మలో అట్ల వచ్చిందక్కా."

"బొమ్మలో వస్తే ఒక్క ఫోను చేసేదానికి ఏమొచ్చె?" అని, "అంటే ఆ పొద్దు బిడ్డనెత్తుకోని నువ్వొచ్చింది దీనికేనా?" అంది.

"మా అవ్వకు బాగలేక వచ్చినానక్కా."

"ఊ" అంది. "పాలు పోసేటోళ్లు వచ్చినారు, పెడతా."

మీటింగులో ఆళ్లగడ్డ ప్రస్తావన రాలేదు. నాలుగు గీతలు ఒక్క పెట్టెలోంచే బయల్దేరుతున్నాయి. ఆ పక్కన నా చీటీని ఇంతవరకు ఎవరూ తీసేయలేదు, రోజూ చూస్తున్నాను. అక్క కూడా తేదీ అలాగే వేస్తోంది. కాకపోతే ఆ ఫోను మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి నా ఫోనుకు ఒక ఫొటో వస్తుంది. కూలర్ మూత తీసి ఉంటుంది, లోపల పాలు ఎక్కడిదాకా ఉన్నాయో కనిపిస్తుంది, పక్కన పాలు ఎక్కించిన ఫోను తెర. నేను అడగలేదు. అక్కర్లేదక్కా అని రెండుసార్లు రాశాను. ఫొటోలు ఆగలేదు. బస్టాండు దాకా ఎత్తుకొచ్చిన పాప ఎలా ఉందన్న మాట కూడా ఉండదు, ఫొటో ఒక్కటే.

ఈ సాయంత్రం కూడా వచ్చింది. పాపకు అన్నం కలుపుతూ ఎడమచేత్తో తెరిచాను. వేళ్లతో పెద్దది చేసి, తేదీ సరిగా ఉందో లేదో చూశాను.